ఇంగ్లాండ్ పల్లెల్లో ఊరంతా కలిసి చేసే పని ఏదైనా మిగిలిందా, లేక అంతా ఫోటోలకేనా?

మిగిలింది. నాటింగ్‌హామ్‌షైర్‌లో లాక్స్‌టన్ అని ఒక ఊరుంది. ఏటా నవంబరు చివరి గురువారం అక్కడి రైతులే జ్యూరీగా కూడి, కొత్తగా గోధుమ వేసిన చేలోకి దిగుతారు. ఎవరు డొంకలోకి దున్నారో, ఎవరు పక్కవాడి చాలు కలిపేసుకున్నారో చూసి గూటాలు కొడతారు. ఆ పై గురువారం కోర్టు కూర్చుంటుంది, జరిమానాలు ఖరారవుతాయి. మీ ప్రశ్నకు జవాబు ఇక్కడితో అయిపోయింది. మిగతాదంతా నా బాధ.

ఫోటోల మాట మీరే ఎత్తారు కాబట్టి ముందు అది చెప్తాను. ఇంగ్లాండ్ పల్లె అనగానే అందరికీ కాట్స్‌వోల్డ్స్ గుర్తొస్తుంది. తేనెరంగు రాతి ఇళ్లు, గుమ్మం మీదికి పాకిన గులాబీ తీగ, వెనకాల పచ్చటి గళ్ల దుప్పటి పరిచినట్టు కొండ. ఆ గళ్లను చూసి 'తరతరాల పల్లె అందం' అని రాసేస్తారు. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా సాగే ఆ ముళ్లకంచెల్లో చాలావాటికి మూలం ఊరి ఉమ్మడి సేద్యాన్ని రద్దు చేసిన కాగితమే. 1604 నుంచి 1914 దాకా అక్కడి పార్లమెంటు 5,200కు పైగా ఎన్‌క్లోజర్ చట్టాలు, అంటే ఉమ్మడి పొలాన్ని పంచి కంచె వేయించే చట్టాలు, చేసింది. 68 లక్షల ఎకరాల పొలాలు, మేత బీళ్లు విడివిడి కమతాలైపోయాయి. కంచె పడ్డాక ఎవడి చేను వాడిది, ఎవడి గోల వాడిది. పక్కవాడితో మాట్లాడాల్సిన పనే తీరిపోయింది.

లాక్స్‌టన్ దీన్ని తప్పించుకుంది, అదీ ఎవరో వారసత్వం కాపాడాలని కంకణం కట్టుకుని కాదు. భూమి ఇద్దరు పెద్ద ప్రభువుల మధ్య, ఎర్ల్ మాన్వర్స్, ఎర్ల్ ఆఫ్ స్కార్‌బ్రోల మధ్య చిక్కుకుని ఉంది. పంపకం దగ్గర ఇద్దరికీ పొత్తు కుదరలేదు. పైగా పంపకమంటే సర్వేయర్ల ఖర్చు, లాయర్ల ఖర్చు, మైళ్లకొద్దీ కంచె నాటే ఖర్చు. 1870ల తర్వాత ధాన్యం ధరలు పడిపోయేసరికి ఆ ఖర్చు పెట్టే ఊపు కూడా పోయింది. తగాదా తెగకపోవడం వల్ల ఊరు బతికిందంటే నవ్వొస్తుంది, కానీ జరిగింది అదే.

పొలం ఎలా ఉంటుందో తెలిస్తే తప్ప జ్యూరీ ఎందుకో అర్థం కాదు. ఊరి చుట్టూ మూడు పెద్ద చేలు ఉన్నాయి: వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్. ఒక ఏడు ఒక చేలో చలికాలపు గోధుమ, రెండో దాంట్లో వసంతంలో విత్తే పంట, మూడోది బీడు. మరుసటి ఏడు ఒక మెట్టు జరుగుతాయి. ప్రతి రైతుకూ మూడు చేలల్లోనూ పొడవాటి ముక్కలు ఉంటాయి, ఒక్కచోట కాదు, చెదురుమదురుగా. అందుకే ఒకరొక్కరే తోచిన పంట వేసుకుంటామంటే కుదరదు. చేను మొత్తం ఏ పంటలో ఉంటే తన ముక్క కూడా అదే వరసలో ఉండాలి.

ఇళ్లు కూడా దీనివల్లే ఊళ్లో ఉన్నాయి. కంచెలు పడిన ఊళ్లలో రైతులు పొలం నడుమ ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. లాక్స్‌టన్‌లో ఒక చేలో ఇల్లు కట్టుకుంటే మిగతా రెండూ దూరమవుతాయి. అందుకని కొట్టాలు, గడ్డివాములు, ట్రాక్టర్లు అన్నీ ఊరి వీధిలోనే. ఇళ్లు పక్క గోడ వీధికి పెట్టి, వాకిలి లోపలి దొడ్డివైపు తిప్పుకుని నిలబడతాయి. బందెల దొడ్డి కూడా ఉంది, పరాయి చేలో పడ్డ పశువును తోలి జరిమానా కట్టేదాకా ఉంచేది. ఈ మాట మనకు కొత్తగా వివరించక్కర్లేదు.

ముక్కకీ ముక్కకీ మధ్య గడ్డి గట్టు ఉంటుందని చాలా చోట్ల రాసి ఉంటుంది. ఇది తప్పు. లాక్స్‌టన్‌లో గట్టు లేదు, నాగటి చాలే హద్దు. ముక్క మధ్యలో దుక్కి మొదలుపెట్టి, మట్టి ఎప్పుడూ లోపలికే పడేట్టు చుట్టూ తిరుగుతూ దున్నుకుంటూ పోతే నడుమ ఎత్తుగా లేస్తుంది, అంచున పల్లంగా ఒక చాలు మిగులుతుంది. అదే హద్దు, అదే మురుగు కాలువ. అక్కడి నేల ఎర్ర బంకమట్టి కాబట్టి వాన నీళ్లు బయటికి పోయే దారి లేకపోతే గోధుమ వేరు కుళ్లిపోతుంది. అందుకని హద్దును పూడ్చేసుకుంటే ఇద్దరికీ నష్టమే. అయినా పూడుస్తారు, మనిషి కదా.

ఎంత పోతుందో లెక్క కడదాం. ఎడ్లు ఒక్క ఊపున లాగగలిగే చాలు పొడవు 220 గజాలని అక్కడివాళ్లు పెట్టుకున్న లెక్క. ఫర్లాంగు అన్న మాటకు అసలు అర్థం చాలు పొడవే. దానికి 22 గజాల వెడల్పు కలిపితే 4,840 చదరపు గజాలు. అవును, మనం రిజిస్ట్రేషన్ కాగితాల్లో రాసుకునే ఎకరమే. ఆ 22 గజాలే 66 అడుగుల సర్వే గొలుసు, అందులో వంద లింకులు. ఇప్పుడు 220 గజాల అంచు పొడుగునా పది అంగుళాల చాలు ఒక్కటి పక్కవాడి వైపు జరిగిందనుకోండి. 61 గజాలు పోయాయి. సెంటుంబావు. నోరెత్తకుండా నాలుగేళ్లు ఊరుకుంటే అయిదు సెంట్లు. ఎడ్ల నాగలితోనే ఇంత. ట్రాక్టరు నాగళ్లకు వరసగా నాలుగైదు రెక్కలు ఉంటాయి, ఒక్కోటీ పది అంగుళాల కంటే వెడల్పే.

అందుకే నవంబరు. అక్టోబరులో విత్తిన గోధుమ అప్పటికి వేలెడు మొలిచి ఉంటుంది. ఎర్ర మట్టి మీద ఆకుపచ్చ అంచు ఎక్కడ ఆగిందో దూరం నుంచే కనిపిస్తుంది. ఇంకో రెండు నెలలు ఆగితే గడ్డీ పంటా కలిసిపోయి ఎక్కడ మొదలైందో తేలదు. జ్యూరీ 12 మంది, వాళ్లలో ఒకరు ఫోర్‌మన్. పొద్దున్నే ఊళ్లోని డవ్‌కోట్ ఇన్ అనే పబ్బు దగ్గర కలుస్తారు. గూటాలు, సమ్మెట ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని చేలోకి పోతారు.

హద్దు పట్టడం కంటితోనే. ముక్కకు ఒక చివర తిరుగులేని గుర్తు ఒకటి చూసుకుంటారు. అక్కడ ఒకరు నిలబడతారు, రెండో చివర ఇంకొకరు గూటం నిలువుగా పట్టుకుంటారు. మొదటివాడు చెయ్యి ఊపుతూ కుడికి, ఎడమకు జరిపిస్తాడు. వరస కుదిరాక సమ్మెట దెబ్బ పడుతుంది. దున్నిన మట్టి ఆ వరస దాటి ఉంటే ఆ ముక్క ఎవరిదో రాసుకుంటారు. ఎక్కువ తప్పులు దొరికేది ముక్కల మధ్య కాదు, చివర్లో. ట్రాక్టరు తిప్పుకోవడానికి చోటు చాలక నాగలి ఎత్తడం ఒక క్షణం ఆలస్యమైతే డొంకలో నాలుగు అడుగులు తెగిపోతుంది. డొంక ఊరందరిదీ కాబట్టి ఏ ఒక్కరికీ నొప్పి తెలియదు. జ్యూరీ లేకపోతే ఇరవై ఏళ్లలో బండి పోయే దారి మనిషి పోయే దారి అవుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. తనిఖీ చేసే 12 మందిలో చాలామందికి అదే చేలో ముక్కలు ఉంటాయి. తమ తప్పు బయటపడితే తమ పేరు కూడా పట్టీలోకి ఎక్కుతుంది. జరిమానా కొద్ది పౌండ్లే, డీజిలు ఖర్చుకు కూడా సరిపోదు. అయినా పనిచేస్తుంది, ఎందుకంటే పేరు చదివేది పబ్బులో, వినేది పక్కింటివాళ్లు. మన దగ్గర డ్రోన్లు ఎగరేసి, శాటిలైటు కొలతలు తీసి, సర్వే రాళ్లు పాతి హద్దుల పీడ విరగడైందని చెప్పేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకుంటే మంచిది. రాయి పాతడం ఒక్కరోజు పని. ఏటా వెళ్లి రాయి అక్కడే ఉందో లేదో చూసేది ఎవరు? లాక్స్‌టన్‌కు 1635 నాటి సర్వే పటం ఉంది, మార్క్ పియర్స్ అనే సర్వేయరు గీసింది. దున్నేవాళ్లు, విత్తేవాళ్లు కూడా బొమ్మలుగా కనిపిస్తారు. ఇప్పుడది ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో భద్రం. హద్దును నిలబెట్టింది మాత్రం ఆ పటం కాదు, సమ్మెటే.

ఈ కోర్టును కోర్ట్ లీట్ అంటారు. ఒకప్పుడు ఇంగ్లాండ్‌లో చాలా జమీన్లకు ఉండేది. 1977లో న్యాయపాలన చట్టం ఇలాంటి పాత కోర్టుల తీర్పు అధికారాన్ని దాదాపు అన్నిచోట్లా తీసేసి, లాక్స్‌టన్‌ది మాత్రం వదిలేసింది. కొన్ని పట్టణాల్లో కోర్ట్ లీట్ పేరుతో ఇప్పటికీ ఊరేగింపులు చేస్తారు, టోపీలు, వెండి కర్రలు అన్నీ ఉంటాయి. వాళ్లు ఎవరికి జరిమానా వేస్తారు? పారిష్ కౌన్సిల్ ఉందిగా అంటారు కొందరు. అది 1894 చట్టంతో వచ్చిన వ్యవహారం, మన పంచాయతీ లాంటిది. బెంచీలు వేయించడం, గడ్డి కోయించడం, పక్కవీధిలో కట్టబోయే ఇంటి మీద అభ్యంతరం రాసి పంపడం దాని పని. చేలో ఎవరు ఎంత దున్నారో దానికి పట్టదు.

గడ్డి సంగతి కూడా చెప్పాలి. మరీ వాలుగా ఉన్నవి, నీరు నిలిచేవి దున్నకుండా వదిలిన పల్లపు పట్టీలను సైక్‌లు అంటారు. వాటి మీద గడ్డి కోసుకునే హక్కును ఎండాకాలంలో కోతకు ముందు వేలం వేస్తారు. వచ్చిన డబ్బు ఉమ్మడి హక్కుదారులు పంచుకుంటారు. వందల ఏళ్లుగా నాగలి తగలని నేల కాబట్టి పాతకాలపు గడ్డి పూలు అక్కడ ఇంకా పూస్తున్నాయి, ప్రభుత్వం ప్రత్యేక రక్షణ ఇచ్చింది. నవంబరులో జ్యూరీ సైక్‌ల అంచు కూడా చూస్తుంది, ఎందుకంటే ఒక్కసారి దున్నితే ఆ గడ్డి మళ్లీ రాదు.

అంతా చక్కగా ఉందని అనను. ఈనాటి కోత యంత్రానికి ఈ ముక్కలు ఇరుకు. చిన్న చిన్నవాటిని 20వ శతాబ్దం మొదట్లోనే కలిపి వెడల్పు చేశారు, అయినా చాలవు. కంచె లేదు కాబట్టి ఒకరు కలుపుమందు కొడితే గాలి వాటున పక్క ముక్క మీద పడుతుంది. ఒకరు కలుపు వదిలేస్తే విత్తనం అందరికీ చేరుతుంది. కౌలు రైతుకు ఇది లాభసాటి బేరం కాదు, భూస్వామి ఓపిక ఉంటేనే నడుస్తుంది. ఆ భూస్వామి కూడా మారుతూ వచ్చాడు. 1952లో ఎర్ల్ మాన్వర్స్ నుంచి వ్యవసాయ మంత్రిత్వ శాఖ కొన్నది, 1981లో క్రౌన్ ఎస్టేట్‌కు, అంటే రాచరికం పేరిట ఉన్న ఆస్తులు చూసే సంస్థకు పోయింది, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ చేతికి వచ్చింది, అంటే తిరిగి మాన్వర్స్ వంశం వైపే. ప్రతి మార్పుకూ ఊరు గుండె చిక్కబట్టుకుని కూర్చుంటుంది. డెవన్‌లో బ్రాంటన్ గ్రేట్ ఫీల్డ్ అని ఇంకో తెరిచిన చేను ఉంది, చూడ్డానికి ఇలాగే ఉంటుంది. కానీ అక్కడ జ్యూరీ లేదు.

కోర్టు రోజున జమీను తరఫు స్టీవార్డ్ కూర్చుని పేర్లు పిలుస్తాడు. ఫోర్‌మన్ తప్పుల పట్టీ అందిస్తాడు. జరిమానాలు అయ్యాక, పై ఏడు గోధుమలోకి వచ్చే చేను కోసం కొత్త జ్యూరీ చేత ప్రమాణం చేయిస్తారు. అంటే ఈసారి గూటాలు పడిన చేలోకి జ్యూరీ మళ్లీ వచ్చేది మూడేళ్లకి.