నోటీసు వచ్చింది, పోస్టు తీసెయ్యాలా?

ప్రశ్న: మాది చిన్న మునిసిపాలిటీ. ఊరి సంగతులు బ్లాగులో రాస్తుంటాను. ఒక సీసీ రోడ్డు బిల్లు గురించి రాస్తే కాంట్రాక్టరు పరువు నష్టం నోటీసు పంపించాడు. 15 రోజుల్లో క్షమాపణ చెప్పి, 50 లక్షలు కట్టమన్నాడు. స్టేషన్ నుంచి ‘రేపు రండి’ అని వాట్సాప్‌లో మెసేజ్ కూడా వచ్చింది. ‘నువ్వు విలేకరివి కాదు, నీకు రక్షణ లేదు. అమెరికాలో ఒక బ్లాగరుకు ఇలాగే కోట్లు పడ్డాయి’ అని మిత్రుడు బెదరగొడుతున్నాడు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, ఉమ్మడి నల్గొండ జిల్లా

జవాబు: కంగారులో పోస్టు తీసెయ్యకండి, గుట్టుగా దిద్దకండి. ముందు ఉన్నది ఉన్నట్టు భద్రం చెయ్యండి. లింకు, తేదీ కనబడేలా పేజీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీయండి. ఫొటోల ఒరిజినల్స్ ఫోన్లోనే ఉంచండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన కాపీలో ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరం పోతుంది. కోర్టులో ఇవి చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) ఉండాలి. ఇది లేకే చాలామంది దగ్గర మంచి ఆధారం కూడా మూలన పడుతుంది.

తర్వాత మీ వాక్యాలు మీరే కొలుచుకోండి. ‘ఎం.బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) మందం 150 మి.మీ. అని ఉంది, ఫలానా ఇంటి ముందు అంచున కొలిస్తే 100 మి.మీ. వచ్చింది’ అన్నది నిలబడే మాట. ‘కాంట్రాక్టరు దొంగ బిల్లు పెట్టి మింగాడు’ అన్నారంటే ఆయన మనసులోని దురుద్దేశం కూడా మీరే రుజువు చెయ్యాలి. అంచున స్కేలు పెట్టి తీసిన ఒక్క ఫొటో రోడ్డంతటి సంగతీ చెప్పదు. ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్, ఎం.బుక్ నకళ్లకు ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. నిజానికి ఇది రాయకముందు చెయ్యాల్సిన పని.

లాయరు నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. అయినా గడువులోగా మీ లాయరు చేత జవాబిప్పించండి. మీరుగా కాంట్రాక్టరుకు ఫోన్ చెయ్యొద్దు. సివిల్ దావా ప్రచురించిన ఏడాదిలోపే వెయ్యాలి. అడిగిన మొత్తం మీద కోర్టు ఫీజు కట్టేదీ ఆయనే. నోటీసులో కనబడిన 50 లక్షలు దావాలోకి వచ్చేసరికి చాలాసార్లు బక్కచిక్కుతుంది. సివిల్‌లో నిజమని రుజువైతే చాలు. క్రిమినల్‌లో, అంటే భారతీయ న్యాయ సంహిత 356 కింద, అది ప్రజల మేలుకే రాశారని కూడా చూపించాలి. తేలకపోతే రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజసేవ.

356 నాన్-కాగ్నిజబుల్. మెజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేరు. ఫిర్యాదీ నేరుగా మెజిస్ట్రేట్ దగ్గరికే వెళ్లాలి. బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 223 ప్రకారం మెజిస్ట్రేట్ మీ వాదన వినకుండా కేసు తీసుకోకూడదు. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరులో పోలీసులకు ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ పరువు నష్టం ఫిర్యాదీని మెజిస్ట్రేట్ దగ్గరికి పంపాలన్న మాటుంది. అందుకే స్టేషన్‌లో వేరే సెక్షన్లు జోడించడం కద్దు. ఏ సెక్షనో, క్రైమ్ నంబరెంతో కాగితం మీద అడగండి. బీఎన్ఎస్ఎస్ 35వ సెక్షన్ నోటీసు, అంటే విచారణకు రమ్మని పోలీసులిచ్చేది, వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. పద్ధతిగా చేతికిచ్చిన నోటీసుకు మాత్రం వెళ్లి తీరాలి. ఎగ్గొడితే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు.

ఇక మీ మిత్రుడు సగం కథే చెప్పాడు. ఆ బ్లాగరు క్రిస్టల్ కాక్స్, మోంటానాలోని యురేకా అనే చిన్న ఊరావిడ. ఒక దివాలా కేసులో ఆస్తుల వ్యవహారం చూసే ట్రస్టీ పన్ను ఎగ్గొట్టాడని రాసింది. 2011లో పోర్ట్‌లాండ్ ఫెడరల్ కోర్టులో లాయరు లేకుండా తనే వాదించుకుంటే జ్యూరీ 25 లక్షల డాలర్లు కట్టమంది. జర్నలిస్టని చూపే ఆధారాలేవీ లేవని జడ్జి ఒక జాబితా ఇచ్చాడు. సరిచూసుకోవడం, నోట్సు రాసుకోవడం, అవతలివాళ్లను సంప్రదించడం అందులో ఉన్నాయి. 2014 జనవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసి మళ్లీ విచారించమంది. భావప్రకటన రక్షణకు విలేకరి, బ్లాగరు అన్న తేడా లేదంది. మన రాజ్యాంగం 19(1)(ఎ)లోని భావప్రకటన హక్కు కూడా ప్రతి పౌరుడిదీ. బండి మీద ‘ప్రెస్’ స్టిక్కరు అంటిస్తే దానికి అదనంగా వచ్చేదేమీ లేదు.

ప్రశ్న: మా ఊళ్లో ఒక బ్లాగరు మీద నాలుగు కేసులున్నాయి. అతను రాసేది నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కేసుల లెక్క ఏమీ చెప్పదు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికి సెక్షన్లు చూడండి. 356, అంటే పరువు నష్టం, తన పరువు పోయిందనేవాళ్లెవరైనా వెయ్యొచ్చు. 308 కనబడితే మాత్రం ఆగి చూడండి. అది బెదిరించి డబ్బు గుంజడం, ఏడేళ్ల వరకు శిక్ష. డబ్బివ్వకపోతే నీ పరువు తీసే రాతలు వేస్తానని బెదిరించడం ఆ సెక్షన్‌లో ఇచ్చిన మొదటి ఉదాహరణే. అక్కడా ఆరోపణ వేరు, రుజువు వేరు. పత్రికవాళ్లను ఇరికించడానికి ఆ సెక్షన్ వాడేవాళ్లూ ఉంటారు.

పై జవాబులో చెప్పిన అమెరికా బ్లాగరు కాక్స్ పేరు పోయింది తీర్పుతో కాదు, ఒక ఈమెయిల్‌తో. ట్రస్టీ లాయరు రాతలు ఆపమని నోటీసిస్తే, నెలకు 2,500 డాలర్ల నుంచి పీఆర్ (మంచి పేరు తెచ్చే ప్రచారం) సేవలు చేసిపెడతానని ఆవిడ బదులు రాసింది. అప్పీలు గెలిచినా జనానికి ఆ ఈమెయిలే గుర్తుండిపోయింది.

మీ బ్లాగరు పాత పోస్టులు ఓ గంట తిరగెయ్యండి. కాగితం ఫొటో పెడతాడా? అవతలివాళ్ల జవాబు వేస్తాడా? తప్పు దొరికితే అదే పోస్టు పైన తేదీతో సవరణ రాస్తాడా, చడీచప్పుడు లేకుండా మార్చేస్తాడా? ఒక వార్డు గురించి నెలంతా దుమ్మెత్తిపోసి, ఆ వార్డు నాయకుడి పుట్టినరోజు ప్రకటన పడిన మర్నాటి నుంచి నోరు కట్టేసుకున్నాడేమో, అదీ చూడండి.