బేస్‌బాల్‌లో రిలీఫ్ పిచర్ ఇన్ని జట్లు ఎందుకు మారతాడు?

ప్రతిభ లేక కాదు, అవసరం ఎక్కువై. రిలీఫ్ పిచర్ పని ఆట మధ్యలోనో చివర్లోనో వచ్చి ఒకటి రెండు ఇన్నింగ్స్ (ముగ్గురు అవుటైతే జట్టు వంతు ముగుస్తుంది) బంతి విసరడం. గెలుపు ఆశ ఉన్న జట్లకు జులైలో అలాంటి చెయ్యి అత్యవసరం. వెనకబడిన జట్టు అతణ్ణి ఇచ్చేసి కుర్రాళ్లను తీసుకుంటుంది. పైగా ఒప్పందాలు తరచూ ఏడాదివే.

డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన ఆక్టావియో డొటెల్‌నే చూడండి. 1999 నుంచి 2013 దాకా 13 జట్లు. ఒక్క 2010లోనే పిట్స్‌బర్గ్, లాస్ ఏంజెలెస్, కొలరాడో! 2005లో మోచేతికి శస్త్రచికిత్స జరిగినా తిరిగొచ్చాడు.

నాకు అపురూపమనిపించేది 2003 జూన్ 11. హ్యూస్టన్ పిచర్లు ఆరుగురు కలిసి న్యూయార్క్ యాంకీస్ జట్టుకు ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వలేదు. అందులో డొటెల్ ఒకే ఇన్నింగ్స్‌లో నలుగురిని స్ట్రైకవుట్ చేశాడు, అంటే ఒక్కొక్కరికి మూడేసి స్ట్రైకులు (బ్యాటర్ కొట్టలేకపోయిన లేదా వదిలేసిన సరైన బంతులు) వేశాడు. ముగ్గురే కదా అవుటవ్వాలి అంటారా? మూడో స్ట్రైక్ బంతి క్యాచర్‌కు (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడికి) చిక్కకపోతే, కొన్ని సందర్భాల్లో బ్యాటర్ మొదటి బేస్‌కు పరుగెత్తవచ్చు. అతను చేరితే స్ట్రైకవుట్ లెక్కలో ఉంటుంది, అవుట్ ఉండదు.

2011 జులైలో టొరంటో నుంచి సెయింట్ లూయిస్‌కు మారాడు. ఆ శరదృతువులోనే అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచాడు. 2025 ఏప్రిల్‌లో శాంటో డొమింగోలో నైట్‌క్లబ్ పైకప్పు కూలి మరణించాడు.