రిసెప్టర్‌ను పొరలోంచి బయటికి తీసే ముందు

కావలి

అబ్బయ్యా,

నువ్వు బెంగళూరులో రిసెప్టర్ల మీద, అదే కణం పొరలో ఉండి మందునో సంకేతాన్నో పట్టుకునే ప్రోటీన్ల మీద, పీహెచ్‌డీకి చేరుతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత ల్యాబ్ కోటు వేసుకునేది నువ్వే. సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ట్యూబుల మీద తేదీ వెయ్యి. నోట్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయి. లిక్విడ్ నైట్రోజన్ ఉన్న గదిలో తలుపులు మూసుకుని ఒంటరిగా పని చేయొద్దు. ఇది మాత్రం నా మీద ఒట్టు.

ఇక అసలు సంగతి. జనవరిలో మన వంటింట్లో నెయ్యి పేరుకుంటుంది, పక్కనే నువ్వుల నూనె పారుతూనే ఉంటుంది. కణం పొర కూడా కొవ్వే కదా. తిన్నని తోకలున్న కొవ్వులు చలికి దగ్గరగా సర్దుకుని బిగుసుకుంటాయి, వంకర తోకలున్నవి అలా బిగుసుకోలేవు. నీళ్లు చల్లబడితే చేప తన పొరలో ఆ వంకర తోకల కొవ్వును పెంచుకుంటుంది. కొలెస్ట్రాల్ వాటి మధ్య దూరి, పొర వేడికి మరీ వదులు కాకుండా, చలికి మరీ గట్టిపడకుండా చూస్తుంది. నువ్వు పట్టుకోబోయే రిసెప్టర్ ఆ పొరను ఏడుసార్లు అటూ ఇటూ దాటి నిలబడుతుంది. దానికి ఒకటే రూపం అనుకోవద్దు నాయనా. కొన్ని రూపాల మధ్య ఊగుతూ ఉంటుంది. ఎందులో ఎక్కువసేపు నిలుస్తుందనేది అతుక్కున్న మందుతో పాటు చుట్టూ ఉన్న కొవ్వు, పొర మందం, వేడి కూడా తేలుస్తాయి.

ఇది నేను పుస్తకం చదివి తెలుసుకోలేదు. పీహెచ్‌డీ రెండో ఏడు, మే నెల. మేక మెదడు నుంచి తీసిన పొరల్లో నా రిసెప్టర్‌కు మందు చక్కగా అతుక్కుంటోంది. దాన్ని విడిగా తీయాలన్న తొందరలో డిటర్జెంట్ వేసి పొరను కరిగించా. కరెంటు పోయింది, డబ్బాలో ఐస్ నీళ్లయింది. పొరల్లో ఉన్నప్పుడు మధ్యాహ్నమంతా బల్ల మీద తట్టుకున్న ప్రోటీనే కదా అని కొలిచా. మందు అతకలేదు. మళ్లీ చేశా, మళ్లీ సున్నా. ట్యూబులు తారుమారు చేశావని మా జూనియర్ అమ్మాయిని అందరి ముందూ తిట్టా. ఆ పిల్ల తల దించుకుని నిలబడింది. ఎనిమిది నెలలు కొత్త మందు, కొత్త బఫర్ ద్రావణం అంటూ తిరిగా. చివరికి ఆ పిల్లే, కరిగించకుండా ఫ్రీజర్‌లో మిగిలిన పొరల ట్యూబు తీసి కొలిచి, గ్రాఫ్ నా బల్ల మీద పెట్టి వెళ్లింది. మందు అతుక్కునే ఉంది! నేను పొరతో పాటు కొలెస్ట్రాల్‌నీ ఊడదీశాను. ఆసరా పోయిన ప్రోటీన్ ఆ వేడికి చెదిరిపోయింది. తర్వాత కొలెస్ట్రాల్ బదులుగా నిలిచే కొలెస్ట్రాల్ హెమిసక్సినేట్ కలిపి, కోల్డ్ రూమ్‌లో కరిగిస్తే కొంత నిలిచింది. ఆమెకు మాత్రం నేను క్షమాపణ చెప్పలేదు. ఆ ఏడే పెళ్లయి వెళ్లిపోయింది. 2004లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ గారి ల్యాబ్, పొరలోంచి కొలెస్ట్రాల్ తీసేస్తే సెరటోనిన్ 1ఏ రిసెప్టర్‌కు మందు అతకడం తగ్గుతుందని చూపింది. ఆ పేపర్ చదువుతుంటే నాకు ఆ పిల్ల ముఖమే కనిపించింది.

మీకిప్పుడు నానోడిస్కులున్నాయి, ప్రోటీన్‌ను చిన్న పొర ముక్కలోనే నిలబెట్టవచ్చు. అయినా పొరలోనే ఉన్న ట్యూబు ఒకటి ప్రతిసారీ పక్కన పెట్టుకో. అలాగని ఐస్‌నే నమ్ముకోకు. 4 డిగ్రీల్లో కనిపించిన రూపమే 37 డిగ్రీల్లో ఉంటుందని లేదు. 2024లో టీఆర్‌పీఎమ్4 అనే అయాన్ చానెల్‌ను, అంటే పొరలో అయాన్లను దాటించే ప్రోటీన్‌ను, 37 డిగ్రీల దగ్గర ఉంచి అప్పటికప్పుడు గడ్డకట్టించి చూస్తే, అంతకుముందు చలిలో తీసిన చిత్రాల్లో లేని రూపం బయటపడింది.

గ్రాఫ్ సున్నా వచ్చిన రోజు ఎవరినీ ఏమీ అనకుండా ముందు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. కోల్డ్ రూమ్‌లో వేసుకోవడానికి స్వెట్టర్ అల్లుతున్నా, మీ అమ్మతో పంపిస్తా. సంక్రాంతికి వచ్చేటప్పుడు పొరలో ఉంచినదీ, బయటికి తీసినదీ, ఆ రెండు ట్యూబుల గ్రాఫ్ పట్టుకురా.

నీ పెద్దమ్మ