వెనక సీట్లు తీసి అరుగు వేయాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు చెప్పింది సగమే వినిపించింది. మీ అత్తయ్య సరిగ్గా అప్పుడే మిక్సీ వేసింది. నీ ఫోర్డ్ మస్టాంగ్ కారు వెనక సీట్లు తీసేసి, ఆ చోట చదునుగా బల్ల పరచి, రేసు ట్రాక్‌కు వెళ్ళేటప్పుడు రెండు చక్రాలు, జాకీ, పనిముట్ల పెట్టె దాని మీద పెట్టుకోవాలన్నది నీ ఆలోచన అని అర్థమైంది. నా 2007 మస్టాంగ్ కారుకు ఇదే పని రెండుసార్లు చేశాను. మొదటిసారి చేసింది చెడింది కాబట్టే రెండోసారి చేయాల్సి వచ్చింది. నీది 2012 కారు. 2005 నుంచి 2014 దాకా వచ్చినవన్నీ ఒకే తరం, కాబట్టి నేను పడ్డ పాట్లు నీకు పనికొస్తాయి.

బరువు తగ్గించడానికే ఇదంతా అయితే మాత్రం మానుకో. నీ కారు సుమారు 1,600 కిలోలు. తీసిన సీట్లను స్నానాలగది తూకం మీద పెట్టి చూడు, ఆ పైన నువ్వు వేయబోయే ప్లైవుడ్ బరువూ లెక్కవేయి. మిగిలేది నీ పొట్ట కాస్త తగ్గిస్తే వచ్చేంతే. సామాను చోటు కోసమైతే చేయి, నాకు అభ్యంతరం లేదు.

ఇది నీకు కొత్తగా తట్టిన ఆలోచనేమీ కాదు. 1965లో రేసు కార్లు తయారుచేసే కారల్ షెల్బీ మస్టాంగ్‌ను జీటీ 350గా మార్చినప్పుడు వెనక సీటు తీసేసి ఫైబర్‌గ్లాస్ బల్ల వేసి, దాని మీద అదనపు చక్రాన్ని పడుకోబెట్టాడు. అప్పట్లో అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ పోటీల్లో స్పోర్ట్స్ కారు అనిపించుకోవాలంటే రెండే సీట్లుండాలి. నాలుగు సీట్ల మస్టాంగ్‌ను రెండు సీట్ల కారుగా చూపించడానికి అదే దగ్గర దారి. మరుసటి ఏడాది కొనేవాళ్ళు అడగడంతో వెనక సీటు మళ్ళీ దొరికింది. నీ 2012 ఏడాదిలోనే వచ్చిన బాస్ 302 లగూనా సెకా అనే రేసు తరహా మస్టాంగ్‌లోనూ వెనక సీటు ఉండదు, ఆ చోట అడ్డంగా ఉక్కు కడ్డీలుంటాయి. కొన్నవాళ్ళు వెనక సీటు అడుగుతారని షెల్బీ అంతటివాడికే ఏడాదికి తెలిసింది. నీకు ఎన్నాళ్ళకు తెలుస్తుందో చూద్దాం. అందుకే సీట్లు ఒక పూటలో తిరిగి బిగించగలిగేలా పని చేయమంటున్నాను. కొత్తగా ఒక్క రంధ్రం కూడా వేయకు.

రంధ్రం మాట ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, నీ కారులో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందే ఉంది. సీటు మెత్త తీయగానే నేల మీద మూతలు కనిపిస్తాయి, పెట్రోలు పంపుకు దారి అదే. అక్కడ డ్రిల్లు పెట్టడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, ఆ మూతల మీదుగా బల్లను శాశ్వతంగా బిగించావంటే పంపు చెడిన రోజు మెకానిక్ ముందు నీ బల్ల విప్పాలి, ఆ కూలీ నీ మీదే పడుతుంది. నాకు పడింది.

ఇక సీట్లు తీయడం పెద్ద పనేమీ కాదు. కింది మెత్త ముందంచు కొక్కేలకు పట్టి ఉంటుంది. వాటిని విడిపించి పైకి లేపితే ఊడివస్తుంది. వీపు భాగాలు రెండింటికీ బోల్టులుంటాయి. సీటుబెల్టులది మాత్రం నక్షత్రం తల ఉన్న బోల్టు, దానికి టీ 50 బిట్టు కావాలి. చౌక బిట్టు కొనకు, బోల్టు తల నలిగిపోతే సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటావు. ఏ బోల్టు ఎక్కడిదో కాగితం మీద రాసి, సంచిలో వేసి, ఆ సంచిని ఆ సీటుకే అంటించు. పసుపు రంగు వైరు కొస కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగులది, దాని జోలికి పోకు. బెల్టులు కూడా తీసేయి. ఉంచితే ఎవరో ఒకరు బల్ల మీద కూర్చుని పెట్టుకుంటారు. పండగ రోజు పిల్లలందరూ ఒకే కారులో పడతారని ఎవరైనా అంటే, నువ్వు వాళ్ళకు విలనైనా సరే, కూర్చోనివ్వకు.

కొలతల దగ్గరే నేను బోల్తాపడ్డాను. మీ అత్తయ్య పొట్టిది కాబట్టి ముందు సీటు ఎప్పుడూ ముందుకు జరిపి ఉండేది. నేను అలాగే ఉంచి కొలిచాను. బల్ల చక్కగా కుదిరింది, ఆపై నేను డ్రైవరు సీటు వెనక్కి జరిపితే జరగదు! రెండు ముందు సీట్లనూ పూర్తిగా వెనక్కి జరిపి, వీపు కూడా నువ్వు వాల్చేంత వాల్చి, అప్పుడు కొలువు. ముందు పెద్ద అట్టపెట్టె చింపి నమూనా చేయి. కారు పక్కగోడలు ఎక్కడా తిన్నగా ఉండవు, చక్రం గూడు దగ్గర ఉబ్బి పైకి సన్నబడతాయి. అట్టను కొంచెం కొంచెం కోస్తూ, తప్పిన చోట టేపు వేసి ముక్క అతికిస్తూ పో. అట్టకు రెండు రోజులు పట్టినా ఫరవాలేదు.

బల్లకు 12 మిల్లీమీటర్ల బర్చి ప్లైవుడ్ చాలు. 18 వేస్తే తీసిన సీటు బరువు తిరిగొస్తుంది. ఒకే ముక్కగా కోస్తే రెండు తలుపుల కారులోకి అది దూరదు. నేను గ్యారేజీలో బ్రహ్మాండంగా తయారుచేసి, తీరా తలుపు దగ్గరకు తెచ్చాక ఈ సంగతి కనిపెట్టాను. మూడు ముక్కలు చేయి. నడిమి ముక్కకు కీలు పెడితే కింద ఖాళీలో తాళ్ళూ గుడ్డలూ దాచుకోవచ్చు. ముందు భాగం వెనకవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంట మీదకు వస్తుంది కాబట్టి అక్కడ కింద కాళ్ళు నిలబెట్టు. సీటు బోల్టులు, బెల్టు బోల్టులు ఉన్న పాత మరలకే అల్యూమినియం పట్టీలు బిగించు. చెక్క, ఇనుము తగిలే ప్రతిచోటా ఫెల్టు గుడ్డ అంటించు. లేకపోతే ప్రతి గుంతకూ ఎడ్లబండిలా కిర్రుమంటుంది.

ఎత్తు అంచు మరచిపోకు. నా మొదటి బల్లకు అంచు లేదు. మీ అత్తయ్య మిత్రులకివ్వడానికి ఆవకాయ జాడీ దాని మీద పెట్టింది, నేను ఎర్రదీపం దగ్గర కాస్త గట్టిగా బ్రేకు వేశాను. ఆ కారు అమ్మేదాకా ఎండాకాలంలో మెంతిపిండి వాసన వచ్చింది.

జాడీ అంటే నవ్వుకున్నాం. చక్రం అయితే నవ్వులుండవు. టైరుతో కలిపి చక్రం సుమారు 22 కిలోలనుకో. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుని, కారు ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగిందనుకుంటే, ఆ చక్రం ముందుకు తోసే బలం 350 కిలోల బరువుకు పైమాటే. దాని ఎదురుగా ఉండేది నీ తల. అంచు దాన్ని ఆపదు. బెల్టు బోల్టు రంధ్రాల్లో ఉంగరం ఉన్న బోల్టులు బిగించి, రాచెట్ పట్టీలతో చక్రాలను కట్టు. ఆ మర కొలత ముందు సరిచూసుకుని కొను, దగ్గరగా ఉందని బలవంతంగా తిప్పితే కారు మర అరిగిపోతుంది. సామాను ఎత్తు ముందు సీట్ల వీపును దాటనివ్వకు, వెనక అద్దం కనిపించాలి. ట్రాక్ మిత్రులు పెట్రోలు డబ్బాలు కూడా లోపలే పెట్టుకొస్తారని విన్నాను. నువ్వు ఆ పని చేస్తే నాకు చెప్పకు, మీ అమ్మకు ఏం సమాధానం చెప్పాలో నాకు తెలియదు.

సీట్ల వీపు తీశాక డిక్కీకి, కారు లోపలికి మధ్య గోడ ఉండదు. వెనక నుంచి వచ్చే చప్పుడంతా చెవిలోనే. డిక్కీ రబ్బరు ఎక్కడైనా చిరిగి ఉంటే ఇంజను పొగ కూడా వస్తుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. రబ్బరు మార్చి, మధ్యలో పలుచని చెక్క పలక నిలబెట్టు. ఇనుప నేల మీద బ్యూటైల్ రేకులు అంటించి, పైన ఫోము పరిస్తే చప్పుడు చాలామటుకు తగ్గుతుంది. పెట్రోలు పంపు మూతల మీద మాత్రం అంటించకు. పైన కార్పెట్‌కు మామూలు జిగురు వాడావంటే మీ టెక్సాస్ ఎండకు ఒక్క ఆగస్టులో అంచులన్నీ లేస్తాయి. కారు లోకప్పు గుడ్డకు వాడే, వేడికి తట్టుకునే జిగురు అడుగు.

మీ టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు కాబట్టి అక్కడ అడిగేవాళ్ళు లేరు. బీమా వాళ్ళకు మాత్రం ముందే చెప్పి, జవాబు రాతలో తీసుకో. హైదరాబాద్‌లో నీ తమ్ముడు కూడా తన కారుకు ఇలాగే చేస్తానంటున్నాడట. వాడిని ఆపు. అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది, రిజిస్ట్రేషన్ పత్రంలో సీట్ల సంఖ్య రాసి ఉంటుంది, కంపెనీ చేసిన దానికి భిన్నంగా మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

తీసిన సీట్లను అటక మీద పెట్టకు, ఆ వేడికి ఫోము పొడి అవుతుంది. గదిలో పాత దుప్పటి చుట్టి నిలబెట్టు. కారు అమ్మే రోజు కొనేవాడు మొదట అడిగేది వాటినే.

నవంబరులో డాలస్ వస్తున్నాం. అప్పటికి అట్ట నమూనా సిద్ధంగా ఉంచు, ప్లైవుడ్ మాత్రం కోయకు. ముందు సీటు వెనక్కి జరిపి కొలిచావో లేదో నేను కూర్చుని చూడాలి.

మీ మామయ్య