పాత రాతి ఇంటికి మరమ్మతు: రాయిని ల్యాబ్‌లో చూపించడం దండగ ఖర్చా?

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరాలో పాత ఫ్లాటు కొన్నామనీ, కిటికీ పక్క రాయి పొడిపొడిగా రాలుతోందనీ, మేస్త్రీ సిమెంటు పూస్తే చాలంటున్నాడనీ రాశారు. పూయించకండి. నేను పూయించి చేతులు కాల్చుకున్నాను.

మాదీ ఇక్కడే, విక్టోరియా కాలం నాటి ఇసుకరాతి బిల్డింగు. రాళ్ల మధ్య సందుల్లో సిమెంటు పెట్టించాం. ఏడెనిమిది చలికాలాలకి సిమెంటు మాత్రం వలలా నిలబడి ఉంది, రాయే పెచ్చులూడి లోపలికి తరిగిపోయింది. గ్రానైటు గుండ్ల మధ్య పెరిగినవాణ్ణి, రాయి సిమెంటుకి ఓడిపోతుందని నాకెలా తడుతుంది? ఇసుకరాయి తడి పీల్చుకుంటుంది. సందుల్లో సున్నం ఉంటే ఆ తడి అటునుంచి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే రాయిలోంచే బయటికి రావాలి. లవణాలు అక్కడే పేరుకుంటాయి, గడ్డకట్టిన నీరు ఉబ్బి పొరను తోసేస్తుంది.

పాడైన రాళ్లు మార్చేటప్పుడు మాత్రం రాయిని ల్యాబ్‌లో పరీక్షకిచ్చాం. రాలిన పెచ్చు పనికిరాదు, లోపలి గట్టి ముక్క కావాలన్నారు. దానికి నీలిరంగు రెసిన్ (గట్టిపడే జిగురులాంటిది) ఎక్కించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోపు కింద పెడతారు. నీలంగా కనిపించేదంతా రేణువుల మధ్య ఖాళీ. మా రాయిలో ఎటు చూసినా నీలమే. మేస్త్రీ తెచ్చిన కొత్త రాయిలో అక్కడక్కడా చుక్కలు. పైకి చూస్తే రెండూ కవలలే! అది పెట్టి ఉంటే తడంతా పక్కనున్న పాత రాళ్ల మీద పడేది.

అదే గని రాయి దొరుకుతుందని ఆశపడకండి. ఈ ఊరికి పేరు తెచ్చిన క్రెయిగ్‌లీత్ గనిని పూడ్చేసి పైన షాపులు కట్టేశారు. గుణం కలిసే రాయి వెతకాల్సిందే. రాళ్లనీ భూగర్భాన్నీ పరిశోధించే సంస్థ బ్రిటిష్ జియలాజికల్ సర్వే ఆఫీసు ఈ ఊళ్లోనే ఉంది, వాళ్లకి ఈ పనిలో అనుభవముంది. కొత్త రాయి పొరలు అడ్డంగా ఉండేలా పెట్టమనండి, నిలువుగా పెడితే పూతరేకుల్లా విడిపోతుంది. లిస్టెడ్ బిల్డింగైతే, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉంటే, ముందు ఊరి కౌన్సిల్‌ని అడగండి.

నల్లబడిందని కడిగించకండి కూడా. ఈ ఊళ్లోనే ఉన్న రచయిత వాల్టర్ స్కాట్ స్మారకం, స్కాట్ మాన్యుమెంట్‌కి 1990ల్లో మరమ్మతు చేసినప్పుడు, కడిగితే రాయి దెబ్బతింటుందని పరీక్షల్లో తేలి, ఆ నలుపు అలాగే వదిలేశారు.

ఖర్చు ఒకే మెట్లదారి వాడే ఫ్లాట్లన్నీ పంచుకున్నాయి. పై అంతస్తు వాళ్లు నా మాటలకి లొంగలేదు, ఆ నీలం ఫోటోలు చూశాకే సంతకం పెట్టారు.