పెద్రి బార్సిలోనాకు ఎలా చేరాడు, అంత త్వరగా ఎలా ఎదిగాడు?

స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు పెద్రి 2002 నవంబరు 25న ఆ దేశానికి చెందిన కానరీ దీవుల్లోని టెనెరిఫేలో, తెగెస్తె అనే చిన్న ఊరిలో పుట్టాడు. పొరుగు దీవికి చెందిన లాస్ పాల్మాస్ క్లబ్బు తరఫున 2019 ఆగస్టులో, ఇంకా పదహారేళ్ల వయసులోనే, స్పెయిన్ రెండవ డివిజన్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. ఆ మరుసటి నెలలోనే బార్సిలోనా క్లబ్బు అతని కోసం సుమారు 50 లక్షల యూరోలకు ఒప్పందం కుదుర్చుకున్నప్పటికీ, ఆ సీజన్ ముగిసేవరకు అతన్ని లాస్ పాల్మాస్‌లోనే ఉండనిచ్చింది. నా దృష్టిలో ఇదే అతనికి కలిసివచ్చిన విషయం, ఎందుకంటే ఆ ఏడాదంతా యువజట్ల పోటీల్లో గడపకుండా పెద్దవాళ్లతో తలపడి రాటుదేలాడు.

అందువల్లనే 2020లో బార్సిలోనాకు వచ్చినప్పుడు, అతన్ని వేరే క్లబ్బుకు అరువుగా పంపవచ్చని చాలామంది అనుకున్నా, కోచ్ రోనాల్డ్ కూమన్ నేరుగా మొదటి జట్టులోకి తీసుకున్నాడు. 2021 మార్చిలో గ్రీసుపై స్పెయిన్ జట్టు తరఫున అరంగేట్రం చేసి, ఆ వేసవిలో యూరో (ఐరోపా దేశాల ఛాంపియన్‌షిప్) పోటీల్లో ఉత్తమ యువ ఆటగాడిగా నిలిచి, వెంటనే టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టులోనూ ఆడాడు. అదే ఏడాది ఉత్తమ యువ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాయ్, కోపా ట్రోఫీ పురస్కారాలు రెండూ అతనికే దక్కాయి. అయితే ఒక్క సీజన్‌లో డెబ్బైకి పైగా మ్యాచ్‌లు ఆడించడం పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి మితిమీరిన భారమే. ఆ తరువాతి సీజన్‌లో తొడ కండరాల గాయాలు అతన్ని నెలల తరబడి మైదానానికి దూరం చేశాయి.