జొన్న దంటు రసమా, బెండా? ఈనె చూడండి

ప్రశ్న: నమస్తే సార్. మాది నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ తాలూకా. నిరుడు యాసంగి జొన్నలో మంచి కంకి ఒకటి విడిగా దాచి, ఈసారి ఆ గింజలే గట్టు వెంట విత్తాము. 44 మొక్కలు నిలిచాయి. కంకులు కోశాక పిల్లలు దంట్లు విరిస్తే 12 దంట్లలో రసం కారింది, మిగతా అన్నీ బెండే. నిరుటి తల్లి దంటు కూడా బెండేనని నాకు గుర్తు. మా అత్తమ్మ ఇదంతా నేల గుణం అంటుంది. ఎద్దులు మాత్రం రసమున్న చొప్పనే ముందు లాక్కుంటున్నాయి. అలాంటి విత్తనమే కావాలంటే ఎట్లా? ఇంకోటి, పక్క చేనులో హైబ్రిడ్ జొన్న అంతా ఒకే ఎత్తు ఉంటే, నాలుగైదు మాత్రం మూరెడు పైకి పోయాయి. కల్తీ విత్తనం అమ్మావని వాళ్ళు షాపాయనతో గొడవ పడుతున్నారు. నిజంగా కల్తీయేనా?

జవాబు: అమ్మా, ముందు మీ లెక్కకు ఒక దండం. ఇలాంటి గుణం నాలుగు పిల్ల మొక్కల్లో ఒకదానికి రావాలి, ఎందుకో కింద చెప్తాను. 44లో నాలుగో వంతు 11. మీకు 12 వచ్చాయి. తల్లి గుణాలు పిల్లలకు ఎట్లా వస్తాయో ఇన్నేళ్ళు బళ్లో నల్లబల్ల మీద బఠానీ మొక్కలు గీసి చెప్పాను గానీ, ఇంత చక్కగా కుదిరిన లెక్క పిల్లలకు ఒక్కసారీ చూపించలేకపోయాను.

అత్తమ్మ మాట పూర్తిగా కొట్టిపారేయకండి. నీళ్లందకపోతే రసం దంటు కూడా ఎండుతుంది. దెగ్లూర్‌లో పనిచేసినన్నాళ్ళు నేనూ నేల గుణమనే చెప్పాను. కానీ ఒకే గట్టు మీద, పక్కపక్క మొక్కల్లో ఒకటి రసం, ఒకటి బెండు అయితే నేలను అని లాభం లేదు.

ఈ తేడా చాలావరకు ఒకే జన్యువుది. జొన్నలో 6వ క్రోమోజోము మీద ఉంటుంది, పేరు 'డి'. అది ఎలా పనిచేస్తుందో 2018లో జపాన్ పరిశోధకులు బయటపెట్టారు. ఈ జన్యువు బాగా ఉంటే దంటు లోపలి కణాలు వాటంతటవే చచ్చిపోతాయి, ఆ చోట గాలి నిండుతుంది. అదే బెండు. జన్యువు చెడితే కణాలు బతికే ఉండి నీళ్లు పట్టి ఉంచుతాయి. అంటే మీ ఎద్దులు ఎగబడేది చెడిన జన్యువున్న చొప్ప కోసం!

ప్రతి మొక్కలో ఈ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి. ఒక్కటి బాగున్నా చాలు, దంటు బెండవుతుంది. మీ తల్లి మొక్కలో ఒకటి మంచిది, ఒకటి చెడింది ఉండి ఉంటాయి. రెండూ చెడినవే పడ్డ పిల్ల మొక్కలు నాలుగింట ఒకటి. మీకు కలిసొచ్చేదీ ఇక్కడే. రసం దంటులో దాచుకున్న మంచి ప్రతి ఉండదు, కాబట్టి దాని గింజలు దాని పుప్పొడితోనే కడితే అన్నీ రసం దంట్లే. బెండు విత్తనం కావాలనుకునేవాళ్ళకే కష్టం, లోపల దాగిన రసం ఏటా బయటపడుతూ ఉంటుంది.

ఈసారి కంకులన్నీ ఒకే గంపలో పడి ఉంటాయి. పరవాలేదు, అవే విత్తండి. లోపల చెడిన ప్రతి దాగిన బెండు మొక్కలూ కొన్ని రసం పిల్లల్నిస్తాయి కాబట్టి, వచ్చే పంటలో ఇంచుమించు ఎనిమిదింట మూడు రసానివి రావాలి. వాటిని గుర్తుపట్టడానికి దంటు విరవక్కర్లేదు. పొట్ట దశలో ఆకు నడిమి ఈనె చూడండి. సున్నం గీత గీసినట్టు తెల్లగా ఉంటే బెండు, తడిసినట్టు మసక పచ్చగా ఉంటే రసం. ఈనెలోనూ అదే జన్యువు పని, గాలి నిండిన చోటు తెల్లగా కనిపిస్తుంది. మసక ఈనె మొక్కలకు దారం కట్టి, కంకి బయటపడగానే, పూత రాకముందే కాగితం సంచి తొడగండి. జొన్న ఎక్కువగా సొంత పుప్పొడితోనే గింజ కడుతుంది గానీ, నూటికి అయిదు నుంచి పదిహేను గింజలు పక్క మొక్కల పుప్పొడివీ కావచ్చు.

రసం ఉన్నంత మాత్రాన తీపి ఉంటుందనుకోకండి. తీపి వేరే జన్యువుల పని, అవి చాలా ఉన్నాయి. చిన్నప్పుడు గోదారి ఒడ్డు చేలల్లో మేము దొంగతనంగా విరిచిన దంట్లు సగం చప్పటివే, తిట్లు మాత్రం పూర్తిగా తిన్నాం.

ఇక పక్క చేను సంగతి. కల్తీ కావచ్చు, కాకపోనూవచ్చు. జొన్నలో ఎత్తును నిర్ణయించే ప్రధాన జన్యువులు నాలుగు. అందులో మూడోదాన్ని బట్టి వచ్చే పొట్టితనం నిలకడ లేనిది. ఆ జన్యువులో 882 డీఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి రెండుసార్లు రాసి ఉండడం వల్ల అది పనిచేయదు, మొక్క పొట్టిగా ఉంటుంది. ఎప్పుడో ఒకసారి పుప్పొడో అండమో తయారయ్యేటప్పుడు ఆ అదనపు ముక్క ఊడిపోతుంది. అంతే, జన్యువు మళ్ళీ పనిలోకి దిగి మొక్క పైకి లేస్తుంది. ఇలాంటి పొడుగు మొక్కలో కణుపుల సంఖ్య పక్క పొట్టి మొక్కలో ఉన్నంతే ఉంటుంది, కణుపుకూ కణుపుకూ మధ్య దూరమే పెరుగుతుంది. కంకి ఆకారం, పూత వచ్చే రోజులు కూడా కలుస్తాయి. అవన్నీ వేరైతే అప్పుడు కల్తీని అనుమానించాలి.

షాపుకు పోయేముందు ఒక పొడుగు మొక్క, ఒక పొట్టి మొక్క పక్కపక్కన పడుకోబెట్టి కణుపులు లెక్కపెట్టమనండి.